నాయనమ్మ జనగణనకు పేరు చెప్పనంటోంది, ఏం చెప్పి ఒప్పించాలి?

వెల్డర్_ఆటోనగర్:

అందరికీ నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షాపులో వెల్డర్ని. ఉండేది సింగ్ నగర్. మేము ఎరుకల వాళ్ళం. ప్రశ్న చిన్నదే గానీ వెనక కథ చెప్పకపోతే అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

మా నాయనమ్మకు ఎనభై ఎనిమిదో తొంభయ్యో ఉంటాయి. పుట్టింది బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో, అది ఇంకా మా వాళ్ళను కాపలాలో ఉంచే సెటిల్‌మెంటుగా ఉన్న రోజుల్లో. ఆవిడ ఎక్కడా వేలిముద్ర వేయదు. రేషన్‌కి మా అమ్మ వేస్తుంది. ఒకటో తారీఖున పింఛన్ నాలుగు వేలు పట్టుకుని సచివాలయం అమ్మాయి వస్తే, "మొహం చూసుకో తల్లీ, వేలు మాత్రం అడక్కు" అంటుంది. ఆ అమ్మాయి మంచిది. నవ్వేసి ఫోన్ మొహం ముందు పెడుతుంది. సంతకం మాత్రం పెడుతుంది మా నాయనమ్మ. రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ) వాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకుంది, ఇప్పటికీ గుండ్రంగా రాస్తుంది.

ఎందుకిలా అని చిన్నప్పుడు అడిగితే తిట్టేది. పెద్దయ్యాక ఒకసారి చెప్పింది. వాళ్ళ నాన్న పది వేళ్ళకూ సిరా పూసి కాగితం మీద ఒత్తించారట. దొంగతనం చేసినందుకు కాదు, ఎరుకల వాడిగా పుట్టినందుకు. రాత్రిపూట హాజరు పిలిస్తే పలకాలి. బాపట్ల సంతకు పోవాలంటే పాసు ఉండాలి. "వేళ్ళు ఇంట్లో, వాటి గుర్తులు స్టేషన్లో. ఇంకెక్కడికి పోతాడ్రా మా అయ్య?" అంది. ఆ పాసుల్లో ఒకటి చాలా కాలం మా రేకు పెట్టెలో ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధి మీద పడ్డప్పుడు పెట్టెలో నీళ్ళు నిండి అది ముద్దయిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం టీవీ పోయినందుకు ఏడ్చింది గానీ పాసు గురించి ఒక్క మాట అనలేదు.

అసలు సంగతి ఆ వరద తర్వాతే. నీళ్ళు దిగాక నష్టం రాసుకోవడానికి మనుషులొచ్చారు. నేను షాపులో ఉన్నా, అమ్మ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని లైన్లో ఉంది. తడిసిన మంచం మీద కూర్చున్న మా నాయనమ్మ వాళ్ళతో ఏమందో తెలుసా? "ఈ ఇంట్లో ఎవరూ ఉండట్లేదయ్యా, ఖాళీ ఇల్లు." వాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోయారు. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 ఇచ్చారు కదా, మా వరస ఇళ్ళన్నిటికీ పడింది, మాకు పడలేదు. తర్వాత అర్జీ పెట్టి, చెప్పులరిగేలా తిరిగితే వచ్చిందనుకోండి.

ఇప్పుడు జనగణన. మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అంటున్నారు. ఈసారి అందరి కులాలూ రాస్తారని కేంద్రం 2025లోనే ప్రకటించింది. ఆ మాట టీవీలో విన్న దగ్గర్నుంచి ముసలామెకు నిద్ర లేదు. "మళ్ళీ కులం రాస్తారా? రాసినాక ఏం చేస్తారు?" అని రోజూ అదే ప్రశ్న.

నేను అడిగేది ఏమిటంటే, జనగణనలో వేలిముద్ర తీసుకుంటారా? రాసింది పోలీసులకు వెళ్తుందా? రెండోది, మా సంఘం కుర్రాళ్ళు వాట్సాప్‌లో "ఎరుకల అని మాత్రమే కాదు, విముక్త జాతి అని కూడా రాయించండి" అని పెడుతున్నారు. విముక్త జాతి అంటే ఒకప్పుడు సర్కారు నేరస్థ జాతి అని ముద్ర వేసి తర్వాత ఆ ముద్ర తీసేసిన కులాలు. అది రాయిస్తే మంచిదా, ఉన్న ఎస్టీకి ఏమైనా తేడా వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్ ఆవిడది, నిద్ర పోయింది నాది.

బడిపంతులు_గుంటూరు:

తమ్ముడూ, నేను 2011 జనగణనలో గుంటూరు శివారులో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసే ఎన్యూమరేటర్‌గా చేశాను. మా పంతుళ్ళకు ఎన్నికలు, జనగణన, రెండూ తప్పవు. నీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెప్తాను. వేలిముద్ర తీసుకోరు. ఇంటి పెద్ద చెప్పింది రాసుకుంటారు, అంతే. ఈసారి కాగితం బదులు ఫోన్‌లో ఎక్కిస్తారు. ఎవరికి వాళ్ళు ఆన్‌లైన్లో నింపుకునే సదుపాయం కూడా ఇస్తున్నారు.

పోలీసుల విషయం. 1948 జనగణన చట్టంలో 15వ సెక్షన్ ఉంది. ఒక మనిషి గురించి మేము రాసుకున్నది ఇంకొకరు చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. మాకు ట్రైనింగులో ఇది పదే పదే చెప్పారు. బయటికి వచ్చేది మొత్తాల లెక్కే, ఫలానా వీధిలో ఫలానా ముసలమ్మ అని రాదు. మీ నాయనమ్మగారికి సెక్షన్ నంబరు చెప్తే ఏం లాభం గానీ, "ఈ పుస్తకం స్టేషన్‌కు పోకూడదని చట్టం" అని చెప్పు.

ఇంకో సంగతి. ఎస్సీ, ఎస్టీల కులం పేరు స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన ప్రతి జనగణనలోనూ రాస్తూనే ఉన్నారు. మిగతా కులాలన్నిటి లెక్క జనగణనలో బయటికి రావడం 1931తో ఆగింది, మళ్ళీ ఇప్పుడే. అంటే మీ నాయనమ్మ పేరు పక్కన ఎరుకల అని ఇప్పటికి ఐదారుసార్లు రాసే ఉంటారు. ఇది చెప్తే ఆవిడ ధైర్యపడుతుందో, ఇంకా హడలిపోతుందో నువ్వే చూసుకో.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ ఏడాది నా బ్లాకులో ఒక సందు మొత్తం ఈత బుట్టలు అల్లేవాళ్ళే. నాతో తెలుగులో మాట్లాడుతున్నారు, వాళ్ళలో వాళ్ళు వేరే భాష మాట్లాడుకుంటున్నారు. నేను విన్నాను. విని కూడా మాతృభాష గడిలో వరసగా "తెలుగు, తెలుగు, తెలుగు" అని రాసుకుంటూ పోయాను. ఎండ, ఇంకా నలభై ఇళ్ళు మిగిలి ఉన్నాయి, అడగలేదు. తర్వాత తెలిసింది, ఎరుకల భాషకు జనగణనలో వేరే లెక్క ఉందని. దాన్ని కూడా విడిగా నిలబెట్టలేదు లెండి, తమిళం కింద కలిపి చూపిస్తారు. అయినా ఎంతమంది మాట్లాడతారో ఒక అంకె అంటూ ఉంటుంది. నావల్ల ఒక సందు ఆ అంకెలోంచి పోయింది. కాబట్టి మా వాడెవడైనా మీ ఇంటికొస్తే, అడగకపోయినా మాతృభాష మీరే చెప్పండి.

బెజవాడ_బాబు:

ఎస్టీ రిజర్వేషన్ ఉంది, పింఛన్ ఉంది, వరద డబ్బులు వచ్చాయి. ఎప్పుడో బ్రిటిష్ వాళ్ళు చేసినదానికి ఇప్పటి ప్రభుత్వాన్ని అనుమానించడం ఏంటి? 75 ఏళ్ళయింది, మర్చిపోవచ్చుగా.

జూనియర్_లాయర్:

బాబు గారూ, ఆవిడ మర్చిపోవాలంటే ముందు చట్టాలు మర్చిపోవాలి. నేను గుంటూరు కోర్టులో జూనియర్‌ని, ఈ విషయం మీద కాస్త చదివాను కాబట్టి చెప్తున్నా.

నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది. మొదట ఉత్తరాదిన. మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది 1911 చట్టంతో. వేలిముద్రలు, నిర్ణీత వేళల్లో హాజరు, ఊరు దాటితే చెప్పి వెళ్ళడం, కొన్ని జాతుల్ని మొత్తంగా ఒక చోటికి తరలించి సెటిల్‌మెంట్లలో పెట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. స్టువార్టుపురం 1913 ప్రాంతంలో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టి, నడిపే పని రక్షణ సైన్యానికి అప్పగించారు. విజయవాడ వాళ్ళు రోజూ బ్యారేజీ దాటుతూ చూసే సీతానగరం కొండ దగ్గరా ఒక సెటిల్‌మెంటు ఉండేది, అక్కడ రాళ్ళు కొట్టే పని. స్టువార్టుపురం వాళ్ళను చీరాల పొగాకు కంపెనీ పనికి తీసుకునేది. నేరస్థుల్ని బాగు చేస్తున్నాం అని పేరు, చవగ్గా కూలీలు దొరకడం ఫలితం. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు.

అసలు ఎరుకల వాళ్ళు దొంగలెలా అయ్యారో చూడండి. ఉప్పు ఎరుకల అనే పేరు ఊరికే రాలేదు. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు పోయి, అక్కడి ధాన్యం తెచ్చేవాళ్ళు. రైలు పట్టాలు పడ్డాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం పోయింది. వ్యాపారం పోయినా తిరుగుడు పోలేదు. ఇల్లు లేకుండా తిరిగేవాణ్ణి చూస్తే శిస్తు వసూలు చేసే ప్రభుత్వానికి అనుమానం. ఇంతే కథ.

మద్రాసులో ఈ చట్టాన్ని 1947లో తీసేశారు. తర్వాత కేంద్రం అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేసింది. మన తిరుపతి వైపు ఆయనే, తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కమిటీ చెప్పాక 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినం అంటారు. కానీ తీసిన చేత్తోనే అలవాటైన నేరస్థుల చట్టాలు పెట్టుకున్నారు. మన రాష్ట్రానిది 1962 నాటిది. కాగితం మీద అది కులాన్ని చూడదు, మనిషిని చూస్తుంది. ఆచరణలో ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో వెల్డర్ గారి ఇంట్లో అడగండి.

75 ఏళ్ళ క్రితం సంగతి అన్నారు కదా, ఇది 2024 అక్టోబరు 3. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం మీద సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతుల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులన్నట్టు చూసే జైలు మాన్యువల్ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమంది. అంటే మొన్నటిదాకా అవి పుస్తకాల్లో ఉన్నట్టే కదా?

ఇక వెల్డర్ గారి రెండో ప్రశ్న. ఎస్టీ జాబితా 342వ అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా పార్లమెంటే మార్చాలి. మన రాష్ట్రం జాబితాలో ఎరుకల, కొరచ, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల అని ఉంది. జనగణనలో మీరు ఏం చెప్పినా మీ ఎస్టీ సర్టిఫికెట్‌కు ఏమీ కాదు, రెండింటికీ సంబంధం లేదు. మీ కుర్రాళ్ళు అడుగుతున్నది విముక్త జాతులను విడిగా లెక్కపెట్టమని. దానికి కారణం ఉంది. 2008లో రేణ్కే కమిషన్ ఈ జాతుల వాళ్ళు పది కోట్ల పైనే ఉంటారని అంచనా వేసింది, 2018లో ఇదాతే కమిషన్ ఇంకో నివేదిక ఇచ్చింది. రెండూ అంచనాలే, తలలు లెక్కపెట్టింది లేదు. 2022లో కేంద్రం సీడ్ అని ఒక పథకం పెట్టి, కోచింగు, ఆరోగ్య బీమా, ఇల్లు, జీవనోపాధికి కలిపి ఐదేళ్ళకు 200 కోట్లు అంది. పది కోట్ల మందికి పంచి చూడండి, ఒక్కొక్కరికి ఐదేళ్ళకు 20 రూపాయలు. టీ, సమోసా.

వెల్డర్_ఆటోనగర్:

మాస్టారూ, లాయర్ గారూ, చాలా థాంక్స్. ఆ 15వ సెక్షన్ సంగతి ఇవాళ రాత్రి చెప్తాను.

బాబు గారూ, మీ మీద కోపం లేదు. మా చిన్నాన్న ముఠా మేస్త్రి, ఒక్క కేసు లేదు. అయినా ఏదైనా పండక్కి ఊళ్ళో చోరీ జరిగితే రెండు రోజులు ఇంట్లో పడుకునేవాడు కాదు, చుట్టాలింటికి పోయేవాడు. అడగడానికి వస్తారని తెలుసు. ఏ ఊరి స్టేషనో రాయను, ఇప్పుడు ఉన్నవాళ్ళు వేరు. నేను ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కూడా "మీ పెద్దలది ఏ ఊరు" అనే ప్రశ్న దాకా అంతా బాగుంటుంది.

లాయర్ గారూ, ఒక తమాషా. మా మేనత్తను బళ్ళారి ఇచ్చారు. వాళ్ళ పిల్లలకు అక్కడ కొరచ అని సర్టిఫికెట్, ఎస్సీ. ఇక్కడ నేను ఎస్టీ. పెళ్ళిలో పక్క పక్క విస్తళ్ళలో కూర్చుంటాం.

జూనియర్_లాయర్:

తమాషా కాదండీ, అలాగే ఉంది. మహారాష్ట్ర వెళ్తే మీ వాళ్ళే కైకాడీలు. విదర్భ జిల్లాల్లో ఎస్సీ, మిగతా చోట్ల విముక్త జాతి. లంబాడీలదీ అంతే, ఇక్కడ ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ. ఒక రాష్ట్రం సర్టిఫికెట్ ఇంకో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. తిరిగి బతికే జాతికి గీత గీసిన చోట కులం మారిపోతుంది. అందుకే మీ కుర్రాళ్ళు విముక్త అనే ఒకే మాట కింద చేరాలంటున్నారు. నాకు వాళ్ళ వాదన నచ్చింది.

చీరాల_ప్యాసింజర్:

నాకు నచ్చలేదు. నేను స్టువార్టుపురంలోనే పుట్టాను, గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. లాయర్ గారూ, మీరు చదివి చెప్తున్నారు, బాగుంది. కానీ విముక్త అంటే ఏమిటి? విడిచిపెట్టబడినవాళ్ళు. దేన్నుంచి విడిచిపెట్టారు అని ఎవడైనా అడిగితే మళ్ళీ ఆ పాత మాట చెప్పాలి. ఇంటర్వ్యూలో ఊరు అడిగితే నేను బాపట్ల అని చెప్పేదాన్ని. మా స్టేషన్‌లో రైలు ఆగగానే బోగీలో కొందరు బ్యాగులు ఒళ్ళోకి తీసుకుంటారు, నేను కిటికీ పక్కన కూర్చుని చూస్తుంటా. మా ఊరి మీద సినిమాలు తీసినవాళ్ళకు అక్కడ టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు కనపడరు.

మా అమ్మ చిన్నతనంలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలత లవణం గారు వచ్చేవాళ్ళు, జాషువా గారి అమ్మాయి. లవణం గారూ ఆవిడా ఇళ్ళల్లో కూర్చుని, పెట్టింది తిని మాట్లాడేవాళ్ళట. మా అమ్మకు గుర్తున్నది వాళ్ళు చెప్పిన మాటలు కాదు, ఇంట్లో తినడం. నా పిల్లల పేరు పక్కన ఎరుకల అని రాయిస్తా, గర్వంగా రాయిస్తా. విముక్త అని రాయించను. సర్కారు మాకు పెట్టిన పేరు సర్కారే తీసేసింది, తీసేశారన్న సంగతిని మళ్ళీ మా పేరుగా మోయాలా?

జూనియర్_లాయర్:

మీరు చెప్పింది కాదనలేను. కానీ లెక్క లేకపోతే ఢిల్లీలో మాట్లాడటానికి మన చేతిలో ఏమీ ఉండదు. ఎస్టీ బడ్జెట్లో ఎంతమంది విముక్తులకు అందిందో అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ అంకె ఎవరి దగ్గరా లేదు. పేరు నచ్చకపోతే వేరే పేరు పెట్టుకుందాం, లెక్క మాత్రం వదులుకోవద్దు.

ఇంకొకటి, వెల్డర్ గారూ, మీ ముత్తాత పాసు పోయిందని బాధపడ్డారు. అప్పటి మద్రాసు ప్రభుత్వ జీవోలు, సెటిల్‌మెంట్ల నివేదికలు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మీ ముత్తాత పేరే దొరుకుతుందని మాట ఇవ్వలేను గానీ, ఆ ఊరి సంగతులు దొరుకుతాయి.

వెల్డర్_ఆటోనగర్:

నర్సక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించా. రైలు దగ్గరికి వచ్చేసరికి "ఔను" అంది, అంతే.

నాయనమ్మకు రాత్రి అన్నం తిన్నాక చెప్పాను. వేలు అడగరు అంటే నమ్మలేదు. పుస్తకం స్టేషన్‌కు పోకూడదని చట్టం ఉంది అంటే, "చట్టం లేకుండానే మా అయ్యను పట్టుకెళ్ళారా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎగ్మూరు సంగతి ఎత్తితే మాత్రం మండిపడింది. "వరద పుణ్యమా అని ఒకటి పోయింది, ఇంకోటి వెతికి తెస్తావా?" మాస్టారు భాష గడి సంగతి చెప్పాక కాసేపు ఊరుకుంది. తర్వాత మా భాషలోనే అడిగింది, అక్కడ మన మాట పేరు నిజంగా రాస్తారా అని. రాస్తారు, ఎంతమంది మాట్లాడతారో లెక్క కూడా వేస్తారు అన్నాను. "అయితే ఆ ఒక్కటీ రాయించు. కులం సంగతి తర్వాత చూద్దాం" అంది.

కులం గడి ఖాళీగా వదలడం కుదరదేమోనని నా అనుమానం, ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఎవరో వచ్చి అడగడం కంటే నేనే ఆన్‌లైన్లో నింపి, ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో గడీ చదివి వినిపిస్తే ఒప్పుకుంటుందేమో. మాస్టారూ, అలా మనమే నింపేటప్పుడు మాతృభాష దగ్గర జాబితాలోంచి ఎంచుకోవాలా, టైపు చేయొచ్చా? ట్రైనింగు అయ్యాక తెలిస్తే ఇక్కడే రాయండి, చూస్తుంటాను.